పియానో వచ్చే చోటు

మేం వాయించాల్సింది మొత్తం తొమ్మిది నిమిషాలు. అందులో మొదటి నాలుగు నిమిషాలు వయొలిన్ ఒక్కటే వాయిస్తుంది. పియానో ముందు కూర్చున్న మనిషికి ఆ నాలుగు నిమిషాలూ పనేమీ ఉండదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముఖం ఏదో ఒకటి పెట్టుకుని కూర్చోవాలి. మరీ భక్తిగా పెడితే ప్రార్థన చేస్తోందనుకుంటారు. మామూలుగా పెడితే వాయించడం రాక కూర్చుందనుకుంటారు. ఎనిమిది నెలలు వేళ్ళు అరగదీసి నేర్చుకున్నాను గానీ ఈ ముఖం సంగతి మాత్రం ఆలోచించలేదు. అది నా పొరపాటే.

నా పేరు కృపమణి. కర్నూల్లో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఆదివారాలు మా చర్చిలో పియానో వాయిస్తాను. మా నాన్న గాబ్రియేలు మిషన్ స్కూల్లో సంగీతం మాస్టారుగా చేశారు. నాకు పాలపళ్ళు ఊడకముందే ఆ పియానో ముందు కూర్చోబెట్టారు. ఆయన పోరు పడలేక హైదరాబాదు వెళ్ళి పరీక్షలన్నీ రాసి పాసయ్యాను. ఆ సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద భద్రంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా నేను వాయించింది మాత్రం కీర్తనలు. కీర్తనల్లో పియానో పనేమిటంటే, అందరూ ఒకేసారి ఎత్తుకునేలా చూడటం, సాగదీసేవాళ్ళను ముందుకు తోలటం. పియానోను ఎవరూ వినరు. వినాల్సిన అవసరమూ లేదు.

ఓబుళేశు సార్‌ది కోయిలకుంట్ల. కర్నూల్లో సంగీత పాఠశాలలో వయొలిన్ మాస్టారు. వయసులో ఉన్నప్పుడు మద్రాసు పోయి, సినిమా పాటలకు వాయించేవాళ్ళతో పదకొండేళ్ళు కూర్చుని, తెల్లవాళ్ళ స్వరలిపి చదవడం అక్కడే నేర్చుకున్నారు. ఆ పని తగ్గిపోయాక తిరిగొచ్చారు. వచ్చేటప్పుడు బట్టలతోపాటు కొన్ని కాగితాలు తెచ్చుకున్నారు. వందేళ్ళ కిందట ఎవరో విదేశీయుడు వయొలిన్‌కీ పియానోకీ కలిపి రాసింది. వాయించేవాళ్ళను చంపడానికే రాసినట్టు ఉంటుంది. దాని పేరు మా ఇద్దరికీ సరిగ్గా పలకదు కాబట్టి ‘పెద్దది’ అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళు ఆ పెద్దది ట్రంకు పెట్టెలో పడి ఉంది, కర్నూల్లో పియానో వాయించేవాళ్ళు లేరని సార్ అనుకోవడం వల్ల. నేను ఆయనకు రెండు వీధుల అవతలే ఉన్నాను. అడిగితే కదా.

చివరికి కిడ్నీలో రాయి ఆయన్ని నా దగ్గరికి తెచ్చింది. సెలైన్ పెడుతుంటే నా చేతి వైపే చూస్తూ అడిగారు.

“ఏమ్మా, ఈ వేళ్ళు చూస్తే మెట్ల మీద ఆడే వేళ్ళ మాదిరి ఉండాయే. హార్మోనియమా?”

“పియానో సార్.”

ఆయన లేచి కూర్చున్నారు. సూది ఊడింది. మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది. రెండోసారి గుచ్చేటప్పుడు ఆయనకు నొప్పి తెలిసినట్టు లేదు.

అప్పట్నుంచి ఎనిమిది నెలలు, డ్యూటీకి పోకముందు తెల్లవారి ఐదున్నరకు చర్చిలో సాధన. మా ఊరి ఎండకు పియానో లోపలి చెక్క ఎండి పగులుతుందని కింద గిన్నెతో నీళ్ళు పెట్టేవాళ్ళం. ఏప్రిల్లో ఆ గిన్నె రెండు రోజులకే ఖాళీ అయ్యేది. సార్ ఎప్పుడూ వయొలిన్ ఒక్కటే ఉన్న ముందు భాగం నాకు వినిపించలేదు.

“అది నా తలనొప్పిలేమ్మా. నువ్వు వచ్చే కాడ్నుంచి పట్టుకుందాం.”

“నేను రావాల్సింది నాకెట్ల తెలుస్తాది సార్?”

“పై తీగ మీద సన్నగా ఒక స్వరం నిలబెడతా. నిలబెట్టి ఆపుతా. రెండు లెక్కపెట్టుకో. వచ్చెయ్.”

వచ్చెయ్ అన్నంత తేలిక కాదు. నీళ్ళు చిందినట్టు పైమెట్ల మీద మొదలై, ఎడమ చెయ్యి అట్టడుగుకు దూకి, మళ్ళీ పైకి ఎగిరి, ఆయన ఒక్కో వరసకు వేగం పెంచుకుంటూ పోతుంటే వెనకాలే పరుగెత్తాలి. ఆరో నెలలో ఒకరోజు మేమిద్దరం ఆఖరుదాకా కలిసి చేరుకున్నాం. సార్ చెమట తుడుచుకున్నారు. నేను ఆ రోజు ఆసుపత్రిలో ఎవరినీ కసురుకోలేదు. అది మా వార్డులో అందరికీ గుర్తుంది.

అదే నెలలో చర్చి కమిటీ ఒక నిర్ణయం చేసింది. పియానో పాతదైపోయింది, చెక్క పగిలింది, మరమ్మతు చేసేవాళ్ళు చుట్టుపక్కల లేరు, బెంగళూరులో ఎవరో బడివాళ్ళు తీసుకుపోతామంటున్నారు, ఇచ్చేద్దాం. దాని బదులు కీబోర్డు కొన్నారు. కీబోర్డుకు అరవై ఒక్క మెట్లు. పియానోకు ఎనభై ఎనిమిది. కీర్తనలకు అరవై ఒకటి చాలు, నిజానికి నలభై చాలు. పెద్దదానికి మాత్రం ఎనభై ఎనిమిదీ కావాలి, అటు చివర, ఇటు చివర. లారీ మే రెండో తేదీ సోమవారం వస్తుందన్నారు. సార్ ఉద్యోగ విరమణ ఏప్రిల్ ముప్పై, శనివారం. ఆ సాయంత్రం జరిగే సన్మానంలో పెద్దది వాయిద్దామని ఇద్దరం అనుకున్నాం. అది తప్పితే కర్నూల్లో అది వాయించే రోజు ఇక రాదు. నా జీవితంలో అసలే రాదు. సర్టిఫికెట్లు వాయించవు కదా.

సన్మానం మా చర్చి పక్కనున్న హాల్లోనే పెట్టించాం. పియానోను చక్రాల మీద దొర్లించి తెచ్చేసరికి రెండు స్వరాలు తప్పాయి, మా నాన్న కూర్చుని వాటిని సరిచేశారు. ఆరు గంటలకు జనం వచ్చారు. వెనక వరసల్లో మా చర్చివాళ్ళు ఓ పదిహేను మంది. ముందు వరసలన్నీ సార్ స్నేహితులు. నందికొట్కూరు నుంచి, కోయిలకుంట్ల నుంచి వచ్చిన పౌరాణిక నాటకాల మనుషులు. ఇరవై ఏళ్ళుగా శని ఆదివారాల్లో సార్ వాళ్ళ నాటకాలకు హార్మోనియం పక్కన కూర్చుని వయొలిన్ వాయిస్తున్నారు.

మా జిల్లాలో పద్య నాటకం చూడనివాళ్ళ కోసం ఒక సంగతి చెప్పాలి. రాజు వేషం కట్టినవాడు పద్యం ఎత్తుకుని, చివర రాగం తీస్తాడు. ఊపిరి ఉన్నంతసేపు తీస్తాడు. తీసి ఆపగానే జనంలోంచి ఎవరో ‘వన్స్ మోర్’ అంటారు. అన్నారంటే మళ్ళీ పాడాల్సిందే. కథ ఎక్కడున్నా సరే, ఎదురుగా శత్రువు గద ఎత్తుకుని నిలబడి ఉన్నా సరే, మళ్ళీ మొదట్నుంచి పాడతాడు. పాడకపోతే పొగరంటారు. వన్స్ మోర్ పడని నటుడు ఇంటికి పోయి అన్నం తినడు. ఆ వన్స్ మోర్ ఎప్పుడూ పాడేవాడిదే. పక్కన వాయించేవాడిది కాదు. ఈ ఆఖరి మాట నాకు ఆ సాయంత్రం ఆలస్యంగా అర్థమైంది.

ముందు శాలువాలు కప్పారు. పద్నాలుగు. ఏప్రిల్ ఆఖరున, కర్నూల్లో, ఒక మనిషికి పద్నాలుగు శాలువాలు. తరవాత ఉపన్యాసాలు. సార్ భార్య నాగలక్ష్మమ్మ ముందు వరసలో విసనకర్రతో విసురుకుంటూ అన్నిటికీ తల ఊపింది. ఏడుంబావుకు సార్ శాలువాలన్నీ కుర్చీ మీద వేసి, వయొలిన్ తీసుకుని నిలబడ్డారు. నేను పియానో ముందు కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ముఖం పెట్టుకున్నాను.

సార్ మొదలుపెట్టారు.

నిజం చెబుతాను, ఆయన అలా వాయిస్తారని నాకు తెలియదు. ఎనిమిది నెలలు పక్కన కూర్చుని కూడా తెలియదు. అడుగు తీగ మీద, గొంతు బొంగురుపోయిన మనిషి మాట్లాడినట్టు మొదలైంది. ఎక్కడా తొందర లేదు. పైకి పోయేకొద్దీ ఆ గొంతు విచ్చుకుంది. ముందు వరసల్లో విసనకర్రలు ఆగాయి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముఖం సంగతి మరిచిపోయాను. పై తీగ మీద సన్నటి స్వరం నిలబెట్టారు. ఆపారు. నేను చేతులు ఎత్తాను. ఒకటి.

“వన్స్ మోర్.”

పుల్లయ్య. నందికొట్కూరు మనిషి, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు, రాజు వేషాలు కడతాడు. ముప్పై ఏళ్ళు బస్సు వెనక నుంచి డ్రైవరుకు వినిపించిన గొంతు. అతను గట్టిగా కూడా అనలేదు. తనకు రావాల్సింది అడిగినట్టు అన్నాడు. వెంటనే ముందు వరసలన్నీ అందుకున్నాయి.

సార్ నా వైపు చూశారు. చూశారు గానీ నేను కనిపించినట్టు లేదు. ఆయన ముఖంలో ఒక సిగ్గు వచ్చింది, పెళ్ళిచూపుల్లో కూర్చున్న కుర్రాడికి వచ్చేలాంటిది. ఇరవై ఏళ్ళు ఎవరెవరికో పడిన వన్స్ మోర్‌లు పక్కన కూర్చుని విన్న మనిషి. వయొలిన్ కమాను మళ్ళీ అడుగు తీగ మీద పెట్టారు. నేను చేతులు దించాను.

రెండోసారి ఐదున్నర నిమిషాలు పట్టింది. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. కాగితంలో లేని గమకాలు వచ్చి చేరాయి. పుల్లయ్య కళ్ళు మూసుకుని ‘ఆహా’ అన్నాడు. సన్నటి స్వరం నిలిచింది, ఆగింది. చేతులు ఎత్తాను. ఈసారి ఒకటి కూడా లెక్కపెట్టలేదు.

“వన్స్ మోర్.”

మూడోసారి విదేశీయుణ్ణి పూర్తిగా ఇంటికి పంపేశారు. సార్ కళ్యాణిలోకి పోయారు. అక్కడ్నుంచి ఇంకెక్కడికో పోయారు. ముందు వరసవాళ్ళు తొడల మీద తాళం వేస్తున్నారు. తాళం లేని భాగానికి తాళం ఎలా వేస్తున్నారో నాకు తెలియదు. నేను అక్కడ ఎందుకు కూర్చున్నానో అక్కడ ఎవరికీ తెలియదు. నాకు ఒళ్ళు మండుతోంది. వెనక వరసలో మా నాన్న తన గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూస్తున్నారు. ఆయన ఒక్కరికే తెలుసు.

ఇంతలో నాగలక్ష్మమ్మ వంగి వంగి నడుస్తూ వచ్చి, పియానో మీద మంచినీళ్ళ సీసా పెట్టింది. నా చెవి దగ్గర మెల్లగా అంది.

“ఏమ్మా, నీకు ఇంగా రాలేదా వాయించేది? పర్లేదులే, భయపడద్దు. మా సారు వాయించేస్తాండారులే.”

ఆమె మంచిది. ఆమె మీద నాకే కోపమూ లేదు. కానీ ఎనిమిది నెలలు నాలుగున్నరకు లేచి, ఎండిపోయిన గిన్నెలో నీళ్ళు పోసి, వేళ్ళకు బ్యాండేజీ చుట్టుకుని డ్యూటీ చేసి, చివరికి ఊరంతటి ముందూ నేను చేతకాక కూర్చున్న మనిషినయ్యాను. ఆ నీళ్ళు తాగాను. సీసా మూత బిగించి పెట్టాను.

సన్నటి స్వరం నిలిచింది. ఈసారి కొంచెం వణికింది. ఆగింది. పుల్లయ్య నోరు తెరవడం చూశాను. రెండు లెక్కపెట్టలేదు. వచ్చేశాను.

పుల్లయ్య నోరు అలాగే ఉండిపోయింది. నీళ్ళు చిందినట్టు ఉండాల్సింది, నా కోపానికి పెంకులు పగిలినట్టు వచ్చింది. సార్ ఉలిక్కిపడి, వయొలిన్ ఎత్తి, అందుకున్నారు. నాలుగు వరసలు వాయించారు. ఐదో వరసలో కుడి చెయ్యి బిగుసుకుపోయింది. అప్పటికి ఆయన పదిహేడు నిమిషాలు వాయించారు, అరవై దాటిన భుజంతో. కమాను తీగ మీద గీరుకుంటూ పక్కకు పోయింది. ఆయన నా వైపు చూశారు, ఈసారి నేను కనిపించాను. తల అడ్డంగా ఊపి, వెళ్ళి శాలువాల మీదే కూర్చున్నారు.

నేను ఆపలేదు. ఆపి ఏం చెయ్యాలి? సోమవారం లారీ వస్తుంది.

ఇద్దరు మాట్లాడుకునే మాటల్లో ఒకరివి తీసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అది. వయొలిన్ పరుగెత్తాల్సిన చోట నాకు విరామాలే. ఝమ్మని ఒక్క మెట్టు నొక్కి, ఆరు లెక్కపెట్టి, మళ్ళీ ఝమ్. ఆ ఆరింటిలో పంకా చప్పుడు వినిపించేది. అయిపోయిందనుకుని జనం మూడుసార్లు చప్పట్లు కొట్టారు. మూడుసార్లూ నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఆ ఖాళీల్లో వయొలిన్ నాకు వినిపిస్తూనే ఉంది, ఒక్క స్వరం కూడా పోలేదు, అందుకే ఒక్కచోట కూడా తొందరపడలేదు. ఆఖరి పరుగు పరుగెత్తి, ఆఖరి మెట్టు నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇక నమ్మకం లేక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను లేచి నిలబడితే గానీ కొట్టలేదు.

పుల్లయ్య దగ్గరికి వచ్చాడు.

“బాగుండాది తల్లీ. కాకపోతే శానాసార్లు ఆగిపోయినావు. భయపడినట్లుండావు. మొదట మాకూ అట్లే ఉండేది, పోతాది.”

అతనికి దండం పెట్టాను. మా నాన్న కర్ర ఆనించుకుంటూ వచ్చి, “విరామాలన్నీ సరిగ్గా లెక్కపెట్టినావు” అన్నారు. ఆయన నన్ను మెచ్చుకోవడం అది మూడోసారి. సార్‌తో మాట్లాడకుండా ఇంటికి వచ్చేశాను. ఏడ్చాను కూడా. దుఃఖంతో కాదు, కోపంతో. ఆదివారం చర్చిలో కొత్త కీబోర్డు మీద కీర్తనలు వాయించాను. చాలా బాగుందని అందరూ అన్నారు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి లారీ వచ్చింది. డ్యూటీకి గంట ఆలస్యమవుతుందని చెప్పి నేనూ వెళ్ళాను, ఊరికే చూద్దామని. మారెన్న అనే హమాలీ, ఇంకో ఇద్దరు పియానోకు దుప్పట్లు కప్పి తాళ్ళు కడుతున్నారు. అప్పుడు సార్ వచ్చారు. చేతిలో వయొలిన్ పెట్టె. ఆయన నిలబడిన చోటంతా నొప్పుల మందు వాసన.

“వన్స్ మోర్ అనేసరికి నాకు నువ్వు గుర్తుకే రాలేదమ్మా. అబద్ధమెందుకు” అన్నారు.

“తెలుసు సార్.”

“రెండోసారి కూడా రాలేదు.”

“తెలుసు సార్.”

ఆయన తాళ్ళ వైపు చూశారు. “చెయ్యి ఇప్పుడు బాగుండాది. ఈ పొద్దు ముందరిది వద్దు. నువ్వు వచ్చే కాడ్నుంచి పట్టుకుందాం.”

నేను సరే అనలేదు. కోపం ఇంకా ఉంది. మారెన్నను మాత్రం తాళ్ళు విప్పమని అడిగాను. అతను సార్ వైపు, నా వైపు చూసి విప్పాడు. స్టూలు అప్పటికే లారీ ఎక్కింది. ప్లాస్టిక్ కుర్చీ మీద రెండు దుప్పట్లు మడిచి వేసుకుని కూర్చున్నాను. సార్ పై తీగ మీద సన్నగా ఒక స్వరం నిలబెట్టారు. ఆపారు.

ఒకటి. రెండు.

నీళ్ళు చిందినట్టే వచ్చింది. సార్ అందుకున్నారు. శనివారం నేను ఖాళీగా లెక్కపెట్టిన చోట్లన్నీ ఒక్కొక్కటే నిండుతూ వచ్చాయి. ఆయన వేగం పెంచారు, నేను పెంచాను. ఒకచోట ఆయన తప్పారు, నేను ఆగి కలుపుకున్నాను. ఇంకోచోట నేను తప్పాను, ఆయన కలుపుకున్నారు. నాకు సంతోషం వేసింది. దానికి ఇంకో మాట లేదు. ఆఖరి పరుగులో ఇద్దరం ఒకే స్వరం మీద దిగాం, ఒక్క చప్పుడుతో.

హమాలీలు ముగ్గురూ గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నారు. నేను వాళ్ళ ముఖాల వైపు చూశాను. ఒక్కొక్కరి ముఖమే చూశాను, సిగ్గు లేకుండా, వాళ్ళలో ఒక్కరైనా ‘వన్స్ మోర్’ అంటారేమోనని.

మారెన్న బీడీ పారేసి ముందుకు వచ్చాడు.

“అయిపోయినట్లేనా తల్లీ? ఎత్తుదామా?”

“ఎత్తండి” అన్నాను.